కంప్యూటర్‌కు గలీబు

ఆత్మకూరు దర్జీ ఖాసిం వలి జాకెట్ల డిజైన్లు చూసుకుంటాడని, మేనల్లుడు సర్ఫరాజ్ పాత సామాన్లు ఏరితెచ్చి కంప్యూటర్ బిగించాడు. అది నడిచినంతసేపు నడిచి ఆరిపోతోంది. ర్యామ్ మార్చాడు, ఫ్యాన్ మార్చాడు. ఆఖరికి చెప్పకుండా వచ్చి చూశాడు. నడుస్తున్న డబ్బాకు మందపాటి గలీబు తొడిగి ఉంది.

"ఇదేంది మామా?"

"దుమ్ము శానా ఉండాదప్పా. నా కుట్టుమిషన్‌నూ ఇట్లనే కాపాడుకుంటాండా."

"దీనికి గాలాడాల మామా. వేడెక్కి ఆరిపోతాండాది."

ఖాసిం వలి కత్తెర అందుకున్నాడు. సాయంత్రానికి గలీబు నిండా వరుసగా కాజాలు, చొక్కాకు కుట్టినంత నీటుగా. సర్ఫరాజ్ తెరిపిన పడ్డాడు.

"గాలిదుమారం లేస్తే మూసేకి," అన్నాడు మామ, "గుండీలు గూడా కుట్టినా."