టీసీ మీద సంతకం

యేసుదానం సారుకు రూల్సు పిచ్చి. ఇల్లందులోని ఒక డిగ్రీ కాలేజీలో ఫస్టియర్ వాళ్లకు ఆయన ప్రోగ్రామింగ్ చెబుతారు. చెబుతారంటే, మొదటి వారం మాత్రం చెప్పరు. రూల్సు చదువుతారు. మొత్తం నలభై మూడు.

"ఏడో రూలు. 'రాదు' అనొద్దు. 'ఇంకా రాలేదు' అనాలె."

"పదకొండు. ప్రోగ్రాం లేటైతే రోజుకు రెండు మార్కులు కోత. కరెంటు పోయింది, బస్సు రాలే, బర్రె ఈనింది... గివన్నీ నేను విన్నవే. కొత్తవుంటే చెప్పుండ్రి."

"పద్నాలుగు. కాపీ కొడితే ఇద్దరికీ సున్నా. పోయినేడు ఒకడు పక్కోని ప్రోగ్రాంతోపాటు పక్కోని పేరు గూడ కాపీ కొట్టిండు."

క్లాసు ఘొల్లుమంది. చివరి బెంచీలో రూప్లి కూడా నవ్వింది. తండా నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఆ అమ్మాయి అంతకుముందు కంప్యూటర్‌ను ముట్టుకుని ఎరగదు. మొదటి రోజు ల్యాబ్‌లో మౌస్‌ను చేత్తో ఎత్తి గాల్లో తిప్పింది. సారు వచ్చి చూశారు.

"ఇరవై రెండో రూలు. మౌస్ బల్ల మీద నడుస్తది, ఎగరది."

ల్యాబ్ గోడకంటించిన రూల్సు కాగితంలో నిజంగానే ఆ రూలు ఉంది. "ఏటా ఒకలు ఎగరేస్తరు బిడ్డా" అన్నాడు ల్యాబ్ అటెండర్ జంపయ్య.

దసరా సెలవులయ్యాక రూప్లి తల్లికి జబ్బు చేసింది. ఖమ్మం దవాఖానాలో ఐదు వారాలు రూప్లి ఆ మంచం పక్కనే కూర్చుంది. నర్సులు చెప్పిన మాటల్లో సగం అర్థం కాలేదు. తల్లి మాత్రం మూలుగుల మధ్యే, "కాలేజీకి పోతలేవా?" అని అడిగేది. ఆరో వారం ఆ అడిగే మనిషి లేకుండా పోయింది.

తండ్రి భీమ్లా చదువు మానమనలేదు. మానొద్దని కూడా అనలేదు. ఉదయం లేచి చల్లారిన పొయ్యి ముందు ఊరికే కూర్చునేవాడు. ఆయన్ను అలా చూడలేక రూప్లి తనే టీసీకి దరఖాస్తు రాసుకుని కాలేజీకి వెళ్లింది. దానిమీద సారు సంతకం కావాలి.

సారు కాగితం చదివారు. "అమ్మ?"

"పోయింది సార్."

ఆయన ఆ కాగితాన్ని ఇంకోసారి చదివారు. తర్వాత అద్దాలు సర్దుకున్నారు.

"నలభై నాలుగో రూలు. కాలేజీ ఇడిచిపెట్టేటోళ్లు మిగిలిన ప్రోగ్రాంలు చేసి, రికార్డు పూర్తి చేసినంకనే సంతకం. నీకు పంతొమ్మిది ఉన్నయ్."

"మా యాడి సచ్చిపోయింది సార్! ప్రోగ్రాంలు చేసి ఏం జెయ్యాలె?"

"రూలు రూలే. రేపు పొద్దుగాల ఎనిమిదింటికి రా."

ఈ మనిషికి గుండె లేదనుకుంటూ బస్సులో దారి పొడవునా ఏడ్చింది రూప్లి.

మర్నాడు ఎనిమిదికి ల్యాబ్ తెరిచే ఉంది. బల్ల మీద రెండు టిఫిన్ డబ్బాలు. "ముప్పయ్యో రూలు. ఖాళీ కడుపుతో ల్యాబ్‌కు రావద్దు" అంటూ సారు ఒకటి ఇటు తోశారు. ఉప్మా. మర్నాడూ ఉప్మాయే. పదో రోజు రూప్లి, "ఉప్మా తప్ప ఇంకేం చెయ్యొద్దని రూలుందా సార్?" అనడిగింది. తల్లి పోయాక ఆమె వేసిన మొదటి జోకు అది. జంపయ్య పగలబడి నవ్వాడు. సారు మాత్రం మర్నాడు ఇడ్లీ తెచ్చారు.

ప్రోగ్రాంలో అంకెను దాచే చోటుకు ఏదో ఒక పేరు పెట్టాలి. అర్థమున్న పేరే ఉండాలని సారు పట్టుదల. ఆరో ప్రోగ్రాంలో రూప్లి 'యాడి' అని పెట్టింది.

"ఇదేంది?" అన్నారు సారు.

"మా భాషల అమ్మ సార్. తీసేస్త."

"వద్దు" అన్నారాయన. "అర్థమున్న పేరే." అలా అని కిటికీ దగ్గరికి వెళ్లి, క్లాసు మొదలయ్యేదాకా బయటికి చూస్తూ నిలబడ్డారు.

ఆ ఉదయపు గంటలు హాజరులో కలిశాయి. మధ్యలో పరీక్షలొస్తే, ఎలాగూ వచ్చింది కదా అని అవీ రాసేసింది. ఇంట్లో భీమ్లా మెల్లగా పొయ్యి రాజేయడం మొదలుపెట్టాడు. అన్నం వచ్చింది, పప్పు వచ్చింది. ఉప్పు సంగతే ఇంకా రాలేదు.

పంతొమ్మిదోది ముగిసిన రోజు రూప్లి గోడమీది కాగితం మొత్తం చదివింది. నలభై మూడుతో ఆగిపోయింది.

"జంపయ్య తాతా, నలభై నాలుగోది ఏది?"

"లేదు బిడ్డా. శానేండ్ల కింద సంపూర్ణ అనే పిల్ల గిట్లనే నాయన పోయిండని టీసీ కోసమొచ్చింది. క్లాసుకెల్లా తెలివైంది. సార్ పాపమనుకొని అప్పుడే సంతకం పెట్టిండు. తర్వాత అశ్వారావుపేటల పామాయిల్ గెలలు మోసుకుంట సార్‌కు కనపడిందట. 'జంపయ్యా, ఆ సంతకానికి ఐదు సెకండ్లు పట్టలేదు' అని నాతోని శానాసార్లన్నడు."

రూప్లి రికార్డు తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. సారు ప్రతి పేజీ తిప్పి, చివర సంతకం చేసి, చెయ్యి చాచారు.

"ఇగ ఆపనీకి నాకు హక్కు లేదు. ఆ టీసీ కాగితం తే."

కాగితం ఆమె బ్యాగులోనే ఉంది.

"తేలే సార్."

"ఎప్పుడు తెస్తవ్?"

"డిగ్రీ అయినంక."

సారు అద్దాలు తీసి, చొక్కా కొసతో తుడిచి, తుడిచినవే మళ్లీ తుడిచారు. తర్వాత తలుపువైపు తిరిగి గట్టిగా కేకేశారు.

"జంపయ్యా! మూడు చాయ్ చెప్పు, జల్దీ!"