పెంచుకోవడమా, తెచ్చుకోవడమా

అమెరికాలోని బెల్ ఫెర్రీలో వర్నా హోల్ట్‌క్యాంప్‌ని ఎరగనివాళ్ళు లేరు. ఆ ఊళ్ళో బడికెళ్ళిన ప్రతివాడూ ఆవిడ వండి వడ్డించింది తిని పెద్దయినవాడే. బడి వంటగదిలో గరిటె పట్టుకు నిలబడి, ఏ పిల్లాడు క్యారెట్లు బల్లకింద పడేస్తున్నాడో, ఏ పిల్ల పొద్దున్న ఏమీ తినకుండా వచ్చిందో మొహం చూసి కనిపెట్టేసేది. ఆకలిగా వచ్చిన పిల్లకి అడక్కుండానే ఇంకో గరిటె పడేది. సొంత పిల్లలు మాత్రం కలగలేదు. దాని గురించి ఆవిడా, మొగుడు మెర్లూ కొన్నాళ్ళు బాధపడ్డారు. ఆ తరవాత ఆ ఊసు ఎత్తడం మానేశారు.

ఊరికి ఫెర్రీమెన్ అని ఒక బేస్‌బాల్ జట్టుంది. పేరుకి ఊరి జట్టే గానీ ఆటగాళ్ళంతా నగరంలో ఉన్న పెద్ద జట్టు పయొనీర్స్‌కి చెందినవాళ్ళు. గడ్డం సరిగ్గా మొలవని కుర్రాళ్ళని ఎక్కడెక్కణ్ణించో ఏరుకొచ్చి ఇలాంటి చిన్న ఊళ్ళలో వదుల్తారు. బాగా ఆడినవాడు ఇంకాస్త పెద్ద ఊరికీ, అక్కణ్ణించి నగరానికీ వెళ్తాడు. ఆడలేనివాణ్ణి బస్సెక్కించి ఇంటికి పంపేస్తారు. వాళ్ళకిచ్చే జీతంతో గది తీసుకోవడం కుదరదు కాబట్టి వేసవంతా ఊళ్ళోవాళ్ళే తలా ఒకణ్ణి ఇంట్లో పెట్టుకుంటారు. బడికి సెలవులిచ్చాక వర్నాకి చేతులు ఊరుకోవు. ఒక ఏడాది, "సరే, మా ఇంటికీ ఒకణ్ణి పంపండి," అంది. వచ్చినవాడు జార్జియా కుర్రాడు. పుచ్చకాయ మీద ఉప్పు చల్లుకుని తినేవాడు, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఏడ్చేవాడు. వాడు వెళ్ళిపోయినప్పుడు వర్నా రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ పై ఏడు ఇంకొకణ్ణి అడిగి మరీ తెచ్చుకుంది. ఇక ఏ వేసవీ వాళ్ళింటి కింది గది ఖాళీగా లేదు.

ఆ ఇంట్లో దేవుడి గురించి గానీ, ఓట్ల గురించి గానీ ఎన్నడూ గొడవ రాలేదు. వచ్చిందల్లా పయొనీర్స్ గురించే. జూలై నెలాఖరుకి జట్లన్నీ ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకోవడానికి గడువు ముగుస్తుంది. ఆ నెల పుట్టిందంటే మొగుడూ పెళ్ళాలిద్దరికీ పూనకమే.

"ఒక మొనగాణ్ణి తెచ్చుకోరేం వీళ్ళు?" అనేవాడు మెర్ల్. నదొడ్డున ధాన్యం గోదాములో పనిచేసి చేసి ఆయన గొంతు కూడా పొట్టు పట్టినట్టు గరగరలాడేది. "ఎప్పుడు చూసినా కుర్రాళ్ళు, కుర్రాళ్ళు. వచ్చే ఏడు చూడండి, ఆ పై ఏడు చూడండి. మా నాన్నకీ ఇదే చెప్పారు. చూడకుండానే పోయాడు."

"మొనగాడు నీ ఇంట్లో పెరిగాడా? వచ్చినట్టే పోతాడు," అనేది వర్నా. "మనవాళ్ళని మనం పెంచుకుంటే మనదగ్గరే ఉంటారు."

"ఉంటారు, ఉంటారు. ఓడిపోతూ ఉంటారు."

ఆ ఏడాది వాళ్ళింటికి వచ్చినవాడు వెనెజులా నించి యోర్మన్ పిన్యాంగో. క్యాచర్. ముసుగేసుకుని, బంతి కొట్టేవాడి వెనక గొంతుక్కూర్చుని, పిచర్ విసిరిన ప్రతి బంతినీ పట్టేవాడు. పొట్టివాడు, గట్టివాడు. మాట్లాడితే మెత్తగా ఉండేవాడు. వాళ్ళ దేశంలో పెద్దావిడల్ని పిలిచినట్టు "దొన్యా వర్నా" అని పిలిచేవాడు. వాళ్ళమ్మ చేసే మొక్కజొన్న రొట్టె కోసం వర్నా ఊరంతా గాలించింది. చుట్టూ కనుచూపు మేరా మొక్కజొన్న చేలే, ఆ రొట్టెకి పనికొచ్చే పిండి మాత్రం ఎక్కడా దొరకలేదు. చివరికి ఎవరో లారీ డ్రైవర్‌ని బతిమాలి తెప్పించింది. మొదటిసారి చేసినవి చెప్పు అట్టల్లా వచ్చాయి. యోర్మన్ అన్నీ తినేసి, "మా అమ్మవీ ఇంతేనండి," అన్నాడు. అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

మెర్ల్ మాత్రం పైకి పట్టనట్టే ఉండేవాడు. కానీ యోర్మన్‌కి ఇంగ్లీషు నేర్పింది ఆయనే. ఇద్దరూ కలిసి షెడ్డులో గడ్డి కోసే మిషన్ బాగుచేస్తుంటే మెర్ల్ దాన్ని ఏ మాటలతో తిట్టేవాడో, కుర్రాడు ఆ మాటలే ముందు నేర్చుకున్నాడు. ఓసారి చర్చిలో పాదరీగారు ఎలా ఉన్నావని అడిగితే ఆ మాటల్లోనే జవాబు చెప్పి వర్నా పరువు తీశాడు.

ఆ జూలైలో ఓ వింత జరిగింది. పయొనీర్స్ గెలవడం మొదలుపెట్టారు. వాళ్ళకి ఒక్క మంచి పిచర్ తక్కువ. మల్డూన్ అనే పేరుమోసిన పిచర్‌ని ఇంకో జట్టు ఇవ్వజూపుతోందనీ, బదులుగా కుర్రాళ్ళని అడుగుతోందనీ, అందులో బెల్ ఫెర్రీ క్యాచర్ కూడా ఉన్నాడనీ పేపర్లో పడింది.

ఊరి రేడియోలో మధ్యాహ్నం ధాన్యం ధరలు చదివాక ఆటల గురించి జనం ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమం వస్తుంది. వర్నా బఠాణీలు ఒలుస్తూ వింటోంది. ఎవరో పెద్దమనిషి గొంతు పలికింది.

"పేరు అక్కర్లేదు లెండి. బెల్ ఫెర్రీ నించే. మల్డూన్‌ని తెచ్చుకోవాల్సిందే. కుర్రాళ్ళు మబ్బుల్లాంటివాళ్ళు, కురుస్తారో లేదో ఎవరికి తెలుసు? మల్డూన్ బావిలో నీళ్ళు. చేద వేసి తోడుకోవడమే."

ఆ గరగర వర్నాకి తెలియదా? క్షౌరం చేయించుకొస్తానని బయల్దేరిన మనిషి ఎల్డన్ మంగలి షాపు నించి ఫోన్ చేస్తున్నాడు. ఒలిచే బఠాణీ పక్కన పెట్టి తనూ నంబరు తిప్పింది.

"ఇందాకటి పెద్దమనిషితో ఒక మాట," అంది. "ఆ మల్డూన్ భుజం ఇప్పటికే ఓసారి కోసి కుట్టారు. పైగా ఈ ఏడాదితో అతని ఒప్పందం ఆఖరు. ఆ బావి మనది కాదు, పక్కింటివాళ్ళది. నాలుగు చేదలు తోడుకుని తాడు ఇచ్చెయ్యాలి."

"సారు ఇంకా లైన్లోనే ఉన్నారండి," అన్నాడు రేడియో అబ్బాయి హుషారుగా.

"అమ్మగారిని అడగండి," అంది గరగర గొంతు, "ఆవిడ ఇంతకాలం నెత్తిన పెట్టుకున్న కుర్రాళ్ళలో నగరం దాకా పోయినవాడు ఒక్కడున్నాడా అని. జార్జియావాడు ఇప్పుడు టైర్లు అమ్ముకుంటున్నాడు."

"అమ్ముకుంటే తప్పా? నీ బండికి మంచి టైర్లు వేసిచ్చింది ఎవడు మరి?"

"ఒక్క నిమిషం," అన్నాడు రేడియో అబ్బాయి. "మీరిద్దరూ ఒకరినొకరు ఎరుగుదురా?"

"ఏదో, కాస్త," అన్నాడు మెర్ల్.

"ఈ మనిషికి పెళ్ళాన్ని," అంది వర్నా. ఎల్డన్ షాపులో పగలబడి నవ్వుతున్నది రేడియోలో వినిపించింది. ఆ ఊపులో ఆవిడ ఆగలేకపోయింది. "ఇంకోటి కూడా వినండి. మా ఇంట్లో ఉన్న యోర్మన్‌ని గనక ఇచ్చేశారా, పయొనీర్స్ ఆఫీసు గుమ్మం ముందు కుర్చీ వేసుక్కూర్చుంటా. వాడికి మమ్మల్ని వదిలి పోవాలని లేదు."

ఆ సాయంత్రం యోర్మన్ మామూలు కంటే ముందే వచ్చాడు. జట్టంతా రేడియో విన్నారు. "చంకలో పిల్లాడు వచ్చాడ్రోయ్," అని రోజంతా ఏడిపించారట. భోజనానికి కూచున్నాక వాడు చాలాసేపు బంగాళాదుంపల్ని చెంచాతో అటూ ఇటూ జరిపాడు.

"దొన్యా వర్నా, కోప్పడనంటే ఒక మాట."

"చెప్పు నాయనా."

"వాళ్ళు అడిగితే నాకు పోవాలనే ఉందండి."

మెర్ల్ నమలడం ఆపేశాడు.

"పయొనీర్స్ క్యాచర్ కుర్రాడు. ఎక్కడికీ పోడు. వాడి వెనక ఇంకొకడున్నాడు. ఆ తరవాత నేను," అన్నాడు యోర్మన్, మాటలు వెతుక్కుంటూ. "మల్డూన్ జట్టులో క్యాచర్‌కి మోకాళ్ళు పోయాయి. వెనక ఎవ్వరూ లేరు. మీరు ఉంచుకోవాలంటారు. ఆయన ఇచ్చెయ్యాలంటారు. ఇద్దరూ నన్ను బాగానే చూసుకుంటారు. కానీ నేను ఆడాలండి. ఎక్కడైనా సరే."

వర్నాకి చెవులు వేడెక్కాయి. ఇన్ని వేసవులుగా కుర్రాళ్ళ తరఫున వాదిస్తున్నాననే అనుకుంది. నీకేం కావాలని వాళ్ళలో ఒక్కణ్ణి అడిగిన పాపాన పోలేదు. 'వదిలి పోవాలని లేదు' అని లోకమంతా వినేలా చెప్పింది వాడి మనసు కాదు, తన మనసు. లేచి వెళ్ళి వాడి పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేసింది.

"అక్కడ ఎవరింట్లో పెడతారో కనుక్కున్నావా?" అంది. "ఆ పిండి సంగతి ఆవిడకి చెప్పాలి."

గడువు రోజున ఫోన్ మోగింది. వర్నా ఎత్తి, విని, యోర్మన్‌కిచ్చింది. వాడు "ఎస్ సర్, ఎస్ సర్" అంటూ గోడవైపు తిరిగిపోయాడు. పెట్టేశాక గట్టిగా కేకేసి, వర్నాని అమాంతం పైకెత్తి గిర్రున తిప్పాడు. మల్డూన్ పయొనీర్స్‌కి. యోర్మన్, ఇంకో కుర్రాడు అవతలి జట్టుకి.

ఇన్నాళ్ళూ కోరుకున్నది దొరికిందిగదా, మెర్ల్ ఎగిరి గంతేస్తాడనుకుంది వర్నా. చూస్తే మనిషి లేడు. షెడ్డులో ఉన్నాడు, నిన్ననే బాగుచేసిన మిషన్‌ని మళ్ళీ విప్పుతూ.

"మల్డూన్ వస్తున్నాడు, విన్నావా?" అంది.

"విన్నాలే. ఆ భుజంతో ఎన్నాళ్ళు విసురుతాడు?" అన్నాడు తలెత్తకుండా. "చేజేతులా ఇచ్చేశారు. అలాంటి క్యాచర్ మళ్ళీ దొరుకుతాడా? బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా ఇది?"

"బావిలో నీళ్ళన్నావుగా?"

"అన్నాను. నోరు నాది, ఏదో అంటాను."

"వాడికి ఇదే మంచిది మెర్ల్. ఇక్కడుంటే ముసలాడయ్యేదాకా వంతు రాదు."

"ఇప్పుడు నువ్వు చెప్తున్నావా నాకు?" అంటూ స్పానరు బల్లమీద పడేశాడు. కళ్ళు తుడుచుకోబోతే చేతికున్న గ్రీజు మొహమంతా అయింది. వర్నాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తన వాదన ఆయనా, ఆయన వాదన తనూ చేస్తున్నామని అప్పుడు గమనించి ఇద్దరూ నవ్వేశారు.

యోర్మన్‌కి బస్సు టికెట్టు పంపారు గానీ మెర్ల్ ఒప్పుకోలేదు. మర్నాడు తెల్లారగానే ట్రక్కులో ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని, అవతలి జట్టు తన కుర్రాళ్ళని ఆడించే ఇండియానా ఊరికి బయల్దేరారు. దారి పొడుగునా మెర్ల్ వాడికి పిచర్ల గురించి పాఠాలు చెప్పాడు. అన్నీ వాడికి తెలిసినవే, అయినా తల ఊపుతూ విన్నాడు. అక్కడ వాడికి ఇల్లిచ్చినావిడ పాతికేళ్ళ పిల్ల. చంకలో పసివాడు, జుట్టు రేగిపోయి ఉంది. వర్నా మొదట తేలిగ్గా చూసింది. పిండి సంచీ చేతికిచ్చి, నీళ్ళు ఎంత పొయ్యాలో చెప్పబోతే ఆ పిల్ల, "ఉండండి పిన్నిగారూ, మీరే ఒకసారి చేసి చూపించండి, నాకు వింటే ఎక్కదు," అని పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళింది. వర్నా మనసు కుదుటపడింది.

మల్డూన్ భుజం నిలబడింది. నిలబడటమేంటి, ఆ శరత్కాలమంతా చెలరేగిపోయాడు. పయొనీర్స్ ఆఖరి మెట్టుదాకా వెళ్ళారు. ఆ మెట్టు మీద ఓడిపోయారు. తరవాత మల్డూన్ వేరే జట్టుకి వెళ్ళిపోయాడు. అంతా అయ్యాక మెర్ల్‌ని ఓదార్చడానికి వర్నా మాటలు సిద్ధం చేసుకుంది గానీ, ఆయన రేడియో కట్టేసి, "బాగుంది. మా నాన్న ఇంతవరకూ కూడా చూళ్ళేదు," అని భోజనానికి లేచాడు.

మూడో వేసవిలో యోర్మన్ ఫోన్ చేశాడు. ఇంగ్లీషు బాగా వచ్చేసింది, కానీ ఆ రోజు మాటలు తడబడ్డాయి. అవతలి జట్టు వాణ్ణి చిన్న ఊరి నించి తమ పెద్ద జట్టులోకి పిలిచింది. రెండో రోజు ఆట నగరంలోనే, పయొనీర్స్ మీద.

వర్నా చర్చికేసుకునే గౌను వేసుకుంది. మెర్ల్ పయొనీర్స్ టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. యోర్మన్ మొదటిసారి బంతి తాకలేక తిరిగొచ్చాడు. రెండోసారి కొట్టాడు గానీ నేరుగా అవతలివాడి చేతిలో పడింది. మూడోసారి వర్నా కళ్ళు మూసుకుంది. బ్యాటు చప్పుడూ, చుట్టూ జనం ఉసూరుమనడమూ వినపడి కళ్ళు తెరిస్తే, బంతి దూరంగా గడ్డిలో దొర్లుతోంది, యోర్మన్ పరిగెడుతున్నాడు, వాడి జట్టుకి పరుగొచ్చింది. పయొనీర్స్ టోపీ పెట్టుకున్న మనుషులంతా నోళ్ళు మూసుకు కూర్చుంటే, మధ్యలో మెర్ల్ ఒక్కడే నిలబడి ఈలవేస్తున్నాడు.

"ఎవరి తరఫునయ్యా నువ్వు?" అన్నాడు వెనక సీటాయన చిరాగ్గా.

"చిన్నప్పట్నించీ పయొనీర్సే," అన్నాడు మెర్ల్, కూర్చోకుండానే.

ఆటయ్యాక యోర్మన్ కంచెదాకా పరిగెత్తుకొచ్చాడు. భుజాలు వెడల్పయ్యాయి, మొహం మాత్రం అదే. మీ జట్టుని ఓడించాను, కోపమా అనడిగితే మెర్ల్ గడ్డి మిషన్ని తిట్టే తిట్టొకటి తిట్టి వాణ్ణి కంచె మీంచే కావలించుకున్నాడు.

తిరుగుదారిలో ఊరి పొలిమేర వచ్చేసరికే గొడవ మొదలైంది. ఆ ఏడాది కింది గదిలో ఉన్నవాడు నెబ్రాస్కా కుర్రాడు. ఎడమ చేత్తో మెరుపులా విసురుతాడు. వాడి మీదా ఎవరో కన్నేశారని పేపర్లో వచ్చింది.

"ఇచ్చారంటే నేనే పోయి ఆఫీసు ముందు కూర్చుంటా," అన్నాడు మెర్ల్.

"ముందు వాణ్ణి అడుగుదాం, వాడికేం కావాలో," అంది వర్నా.

"ఏమంటాడో?"

"ఏమన్నా సరే. నువ్వు మాత్రం ఎల్డన్ షాపుకి వెళ్ళకు," అంది ఆవిడ. మెర్ల్ నవ్వుతూ ట్రక్కుని వాకిట్లోకి తిప్పాడు. నెబ్రాస్కా కుర్రాడు మెట్లమీద కూర్చుని, ఏమైందో చెప్పండంటూ లేచి ఎదురొచ్చాడు.