అంగారకుడి మీద నా పేరు

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేదని అందరూ అనేవారు. ఇప్పుడూ అక్కడే ఉంది. కాకపోతే ఇప్పుడు దాన్ని కాగితం మీద పెట్టడం వచ్చింది కాబట్టి కాస్త మర్యాదగా కనిపిస్తోంది. సంగం జాగర్లమూడి పొలాల్లో నాట్లు వేసీ, కలుపు తీసీ నడుం అరిగాక, నలభయ్యో ఏట బాపట్లలో ఒక కాలేజీలో ఆయాగా చేరాను. నెలజీతం వచ్చే ఉద్యోగం అదే మొదటిది గనుక నా పడుచుతనం అప్పుడే మొదలైందని నా లెక్క. (మా ఆడబిడ్డ ఒప్పుకోదు.)

నన్ను వేసింది వీఆర్ హాల్లో, అంటే లేనిదాన్ని కళ్ళ ముందు ఉన్నట్టే చూపించే హాల్లో. అక్కడ పిల్లలూ, మేం చాటుగా గ్రహాల సార్ అని పిలుచుకునే లెక్చరరు గారూ కళ్ళకి నల్ల డబ్బాలు కట్టుకుని అంగారకుడి మీద తిరిగేవారు. ఆ గ్రహం చుట్టూ తిరిగే యంత్రాలు కొలిచి పంపిన ఎత్తుపల్లాలన్నీ ఆ డబ్బాలో కొండలూ లోయలూ అయి ఎదురుగా నిలబడతాయట. తెనాలిలో ఒక మేడం తన కాలేజీలో కూర్చునే ఇదే లోయలోకి వచ్చేది. అందరూ కలిసి, ఇక్కడ ఒకప్పుడు నీళ్ళు పారాయా లేదా అని వాదించుకుంటూ జెండాలు పాతేవారు. (పుట్టినప్పటి నుంచీ కాలవగట్టు మీద బతికినదాన్ని, నన్నడిగితే చెప్పేదాన్ని. ఎవరడిగారు?) డబ్బా కట్టుకున్నవాళ్ళకి హాలు కనపడదు కనుక వాళ్ళు గోడలకి గుద్దుకోకుండా చూడటం నా పని. పొలాల్లో బాతుల్ని తోలినట్టు చేతులు చాచి, "ఇటు బాబూ, అటు గోడ! అమ్మాయ్, బీరువా!" అంటూ పొద్దంతా వాళ్ళ వెంట తిరిగేదాన్ని. "నాకూ ఒక్కసారి చూపించండి సార్" అంటే "రేపు చూద్దాంలే" అనేవారాయన. అది ఏ గ్రహం మీది రేపో గానీ నెల గడిచినా రాలేదు.

చివరికి రేపల్లె నుంచి రోజూ వచ్చే ఒక పిల్ల (ఆ హాల్లో నన్ను పిన్నీ అని పిలిచేది ఆమె ఒక్కతే) సార్‌తో పోట్లాడి నాకు డబ్బా కట్టించింది. లోపలికి వెళ్ళాలంటే పేరు కొట్టాలి. ఎవరెవరో తెలియడానికి ఆ పేరు తల మీద బోర్డులా వేలాడుతుంది. నా తరఫున సార్ ఏదో టకటకా కొట్టేశారు. చూద్దును కదా, ఎర్రమట్టి నేల, లేత గులాబీ ఆకాశం! మనుషులకి తలా చేతులే గానీ ఒళ్ళు లేదు. నోరు తెరుచుకుని చూస్తుండగా తెనాలి మేడం తల నా వైపు తిరిగి, నా తల మీది బోర్డు చదివింది.

"ఎవరండీ ఈ ఆయా? కొత్తగా చేరారా?"

"ఆయా ఏంటండి? నాకు పేరుంది" అన్నాను.

"రాయడం వస్తే నువ్వే కొట్టుకునేదానివిగా" అన్నారు సార్. అందరూ నవ్వారు. ఒళ్ళు లేని తలలు గాల్లో తేలుతూ నవ్వడం మీరు చూసి ఉండరు, చూడకండి. మా అమ్మ పెట్టిన పేరు, పాస్టరు గారు బాప్తిస్మంలో పిలిచిన పేరు, రేషను కార్డులో ఉన్న పేరు! భూమి దాటి అంత దూరం వెళ్ళినా నేను ఆయానేనా? డబ్బా ఊడదీసి బల్ల మీద పెట్టేశాను.

మర్నాడు హాల్లో నిలబడ్డాను గానీ నోరు విప్పలేదు, చెయ్యి చాచలేదు. సార్ లోయ దిగుతూ దిగుతూ నేరుగా వెళ్ళి బీరువాకి గుద్దుకున్నారు. "ఏంటిది, ఎందుకు పట్టుకోలేదు?" అని అరిచారు, నుదురు పట్టుకుని.

"తల మీద పేరు కనపడలేదు సార్. ఎవరో అనుకున్నా."

ఈసారి నవ్విన తలలకి ఒళ్ళు కూడా ఉంది. "నా పేరు నేనే కొట్టుకునే రోజు నా వంతు నాకివ్వాలి. అప్పటిదాకా పట్టుకుంటాను" అన్నాను. బొప్పి రుద్దుకుంటూనే తలూపారాయన.

అన్నాలయ్యాక రోజూ రేపల్లె పిల్ల నా చేత అక్షరాలు దిద్దించేది. కోపంతో పెన్ను నొక్కి నొక్కి కాగితం చింపేసేదాన్ని. "పిన్నీ, మనం కలుపు పీకట్లేదు, కాస్త మెల్లగా" అనేది. అలా చలికాలం పోయి ఎండలు ముదిరాయి. ఒకరోజు మళ్ళీ డబ్బా కట్టుకున్నాను. గాల్లో వేలాడే తెలుగు అక్షరాల్ని ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ నొక్కాలి. ఒకటికి బదులు పక్కది పడితే, చెరిపి మళ్ళీ మొదలు. లోపల అందరూ నా కోసమే కాచుకుని ఉన్నారు.

"టైమవుతోందమ్మా" అన్నారు సార్.

"అంగారకుడు ఎక్కడికీ పోడు, ఉండండి!"

పూర్తయింది. లోపలికి వెళ్ళగానే తలెత్తి చూశాను. ఆకాశమే ఉంది. తల దించకుండానే చటుక్కున వెనక్కి తిరిగి పైకి చూశాను. లేదు. సారే చెరిపేశారనుకుని, "నా పేరేదండీ?" అని లోయ అదిరేలా అరిచాను.

"ఉంది పిన్నీ! ఎవరి పేరు వాళ్ళకి కనపడదు, పక్కవాళ్ళకే కనపడుతుంది" అంది రేపల్లె పిల్ల.

ఇన్ని నెలలు దిద్దింది వీళ్ళందరూ చూడటానికా! ఒళ్ళు మండిపోయింది. అప్పుడు తెనాలి మేడం తల దగ్గరికొచ్చి నా పేరు పైకి చదివింది, చివర గారు చేర్చి. "మళ్ళీ చదవండి" అన్నాను. చదివింది. "ఇంకోసారండి." మూడోసారి కూడా విసుక్కోకుండా చదివింది. ఆలోగా నా వంతు అయిపోయింది. వాళ్ళంతా పొగిడే పెద్ద కొండ అంతసేపూ నా వెనకే ఉందట.

ఇప్పుడు రోజూ హాజరు రిజిస్టర్లో నా పేరు ఇంటిపేరుతో సహా రాస్తాను, రెండు గళ్ళు పడుతుంది. సార్ మీద కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. కానీ అంత పెద్ద కొండకి వీపు పెట్టి, మెడ పైకెత్తి, ఆకాశంలో తన పేరు వెతుక్కుంటూ గిర్రున తిరిగిన ఆ మనిషి గుర్తొస్తే మాత్రం, పక్కన నిలబడి మెల్లగా భుజాలు పట్టుకుని ఇటు తిప్పాలనిపిస్తుంది. "ఇటమ్మా, కొండ ఇటుంది" అని.