హాలులో ఏడు వందల కుర్చీలు

తొంభైల్లో మేము జనక్‌పురిలో ఉండేవాళ్ళం. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఒక ఏడాది మా తెలుగు సంఘం ఉగాదికి నాటకం వేయించాలని పెద్ద హాలు మాట్లాడింది. వెనక్కి వెళ్ళేకొద్దీ వెడల్పయ్యే హాలు అది. మొదటి వరుసలో పదహారు కుర్చీలు. ఆపైన వరుసకు రెండేసి పెరుగుతూ, చివరిదైన ఇరవయ్యో వరుసలో యాభై నాలుగు.

సెక్రటరీగారు చివరి వరుసను ఇరవైతో గుణించేశారు.

"వెయ్యి పైనే! వెయ్యి పాసులు కొట్టించేద్దాం."

"కాదండీ," అన్నాను. "మొదటి వరుసా చివరి వరుసా కలిపితే డెబ్బై. రెండోదీ, చివర్నుంచి రెండోదీ కలిపినా డెబ్బయ్యే. అలాంటి జతలు పది. ఏడు వందల మందే పడతారు."

"అచ్ఛా! ఈ లెక్కలు మీ పిల్లలకి చెప్పుకోండమ్మా. మీరు సమోసాల సంగతి చూడండి, చాలు."

కమిటీ అంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాటకం రోజున ఫరీదాబాద్ నుంచి నా స్నేహితురాలు వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి, ఊరి నుంచి వచ్చిన వాళ్ళమ్మని వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. అప్పటికే తలుపులు మూసేశారు. బయట పాసులు పట్టుకుని బోలెడు మంది. "జగహ్ నహీ హై", చోటు లేదంటున్నాడు కాపలావాడు.

"పోనీ ఇక్కడే కూచుందామే, మాటలు వినపడతన్నాయిగా," అంది ఆ పెద్దావిడ, కొత్త చీర మడతలు సర్దుకుంటూ.

నేను లోపలికి, నేరుగా ముందు వరుసకు వెళ్ళాను. కమిటీవాళ్ళ చుట్టాల కోసం కుర్చీల మీద చేతిరుమాళ్ళు పరిచి ఉన్నాయి.

"ఇంత అభిమానం ఉంటుందని ఎవరనుకున్నారమ్మా!" అన్నారు సెక్రటరీగారు.

"నేను అనుకున్నాను. మీకు చెప్పాను కూడా."

రెండు రుమాళ్ళు తీసి ఆయన ఒళ్ళో పడేశాను. తల్లీకూతుళ్ళను తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మిగతావాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళకు నేనేమీ చేయలేకపోయాను.

తర్వాతి మీటింగులో, హాలువాళ్ళు కుర్చీలు తగ్గించి మోసం చేశారని సెక్రటరీగారు చెప్పారు. అందరూ తలలూపారు. నేను లేచి బయటికి వచ్చేశాను. మా ఆయన వెనకే వచ్చి స్కూటర్ తీశాడు.

దారిలో స్కూటర్ మీద మా ఆయన, "పోనిద్దూ, పెద్దాయన," అన్నాడు.

"ఆపండి," అన్నాను. దిగి, బస్సెక్కి ఇంటికి వచ్చాను.