గుత్తా, కూలా, నూటికి పదా?

ఆమదాలవలస చుట్టుపక్కల ఇల్లు కట్టించదలచినవాడు ముందు పంతులుగారి చేత ముహూర్తం పెట్టించుకుని, ఆ తర్వాత గంగులు మేస్త్రికి కబురు పంపేవాడు. ముహూర్తం తప్పితే శాంతి చేయించుకోవచ్చు. గంగులు మేస్త్రితో బేరం తప్పితే మాత్రం దానికి ఏ శాస్త్రంలోనూ శాంతి లేదు.

ఆయన సిద్ధాంతం ప్రకారం లోకంలో ఇళ్లు మూడు రకాలు. గుత్తకు కట్టినవి: ఇల్లు మొత్తానికి ఒకటే సొమ్ము, మిగిలినా తగిలినా మేస్త్రిదే. కూలికి కట్టినవి: రోజుకింత. నూటికి పదికి కట్టినవి: సామానుకూ కూలీలకూ ఎంతయితే అంత యజమాని భరించి, ఆపైన నూరు రూపాయలకు పది చొప్పున మేస్త్రి చేతిలో పెట్టాలి. ఇటుక అదే, సున్నం అదే, చేతులూ అవే. గోడ గుణం మాత్రం మారిపోతుంది.

"గుత్తకైతే గోడ లగెత్తుతాది. కూలికైతే తొంగుంటాది. నూటికి పదైతే ఒళ్లు సేస్తాది," అని తన దగ్గర తాపీ పనిచేసే మేనల్లుడు సోములుకు బోధించేవాడు.

ఇన్ని కొంపలు నిలబెట్టిన ఆ మహానుభావుడి సొంత వంటపాక మీద మాత్రం తాటాకే. పంతొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం వానలకు ఆ తాటాకు ఎంత ఉదారంగా కారిందంటే, పొయ్యి ఆరిపోయింది, గంజి మాత్రం పెరిగింది. వానాకాలం వెళ్లిపోయినా భార్య దాలమ్మ ఆ సంగతి వదలలేదు.

"ఊరందరికీ మేడలు కడతావు, నా పొయ్యి నెత్తిన పెంకెయ్యనేవు. వచ్చే తొలకరికి పెంకు పడకపోతే నాను శృంగవరపుకోట ఎలిపోతాను. మా అన్న ఇంట్లో పొయ్యి మీద వాన పడదు."

"నువ్వెలిపోతే కూడెవులొండుతారే?"

"నీ తాపీ వండుతాది."

దాలమ్మవి ఉత్తుత్తి బెదిరింపులు కావు. ఒకసారి ఇలాగే వెళ్లి వరికోతలు అయ్యేదాకా రాలేదు. ఆ రోజుల్లో గంగులు తన వంట తానే తిని సగం మనిషయ్యాడు.

అలాంటి సమయంలో ధాన్యం వర్తకులు జగన్నాధంగారు స్టేషను దగ్గర ఇల్లు తలపెట్టారు. గంగులు నూటికి పది అన్నాడు. కమీషను మీద బతికే మనిషికి ఆ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. "మొత్తం ఎంతవుతుందయ్యా?" అని ఆయన అడిగితే గంగులు నోటికి వచ్చిన అంకెల్లో చిన్నదాన్ని చెప్పాడు. నూటికి పది బేరంలో అంచనా ఎంత చెప్తే మాత్రం పోయేదేముంది? జగన్నాధంగారు తలూపారు. గంగులు మనసులో వంటపాక మీద పెంకు పడిపోయింది.

ఇటుకన్నర మందం చాలే గోడ రెండున్నర ఇటుకలకు లావెక్కింది.

"ఏమయ్యా మేస్త్రీ, నేను ఇల్లు కట్టమన్నానా, కోట కట్టమన్నానా?"

"రైలు పక్కనే ఎల్తాది గదా బాబూ. బూమి అదురుతాది. గోడ పల్సనైతే మీ నిద్దరేటవుతాది?"

"నా నిద్ర సరే. నీకు నిద్ర పడుతోందా?"

"మీ దయ వల్ల సుకంగా పడతన్నాది బాబూ."

జగన్నాధంగారు గోడ మందాన్ని జానతో కొలుచుకుని వెళ్లిపోయారు. వర్తకుడు మాట మానేశాడంటే లోపల ఏదో తూస్తున్నాడని అర్థం. గంగులుకు ఇటుకలు తెలిసినంతగా వర్తకులు తెలియరు.

ద్వారబంధం నిలిపే రోజు వచ్చింది. పసుపు, కుంకుమ, మామిడాకులు, ముత్తైదువలు, పంతులుగారు, చుట్టాలు. ఆ వేళప్పుడు గుమ్మం ముందు ఎవరూ "లేదు", "కాదు" అనకూడదు. అంటే ఆ మాట ఇంటికి పట్టుకుంటుందని నమ్మకం. జగన్నాధంగారి భార్య సుభద్రమ్మ పళ్లెంలో కొత్త పంచె, తాంబూలం తెచ్చింది. జగన్నాధంగారు వాటిని గంగులు చేతుల్లో పెట్టి, అందరూ వినేలా అన్నారు:

"గోడలు నీ మనసుకు నచ్చినట్టు లేచాయి. ఇక ఇల్లంతా గుత్తకు నీదే. మొదట నువ్వు చెప్పిన అంచనా సొమ్ముకే. ఇంతవరకూ అయిన ఖర్చు అందులోదే. సరేనా మేస్త్రీ?"

"నేదు బాబూ" అన్న మాట గంగులు పళ్లదాకా వచ్చింది. పంతులుగారు మంత్రం ఆపి చూశారు. ముత్తైదువలు చూశారు. పసుపు రాసిన గుమ్మం కూడా చూస్తున్నట్టే అనిపించింది.

"సరే బాబూ," అన్నాడు.

ఆనాటిదాకా ఏనుగులా ఉన్న గోడ అక్కడినుంచి కొంగలా లేచింది. అయినా ఏం లాభం? సుభద్రమ్మ రోజూ రావడం మొదలుపెట్టింది.

"ఇక్కడో గూడు పెట్టు."

"అమ్మా, అది గుత్తలో నేదు."

"దేవుడి దీపానికి లేదంటావా?"

దేవుడి గూడు వెనకే ఉప్పు గూడు వచ్చింది. దాని వెనక అటక.

"అటకేటమ్మా మళ్లీ?"

"మరి ఆవకాయ జాడీలు ఎక్కడ పెట్టమంటావు, నీ నెత్తి మీదా?"

గృహప్రవేశం అయ్యేసరికి గంగులు చేతిలో మిగిలింది పాకకు కావలసిన వాసాలకూ పెంకులకూ చాలింది. వాటిని ఎక్కించే కూలికి ఏమీ లేదు. కొండల మీద మబ్బు నల్లబడింది. దాలమ్మ మూట గుమ్మం పక్కకు వచ్చింది. గంగులు సోములునూ ఇంకో ఇద్దరు తాపీవాళ్లనూ పిలిచాడు.

"ఒరే సోములూ, మన పాకకి పెంకెక్కించాల్రా."

"దానికేటి మావా, ఎక్కించేద్దుము. గుత్తకా, కూలికా?"

"ఓరి నీ అమ్మ కడుపు సల్లగుండ! ఇంటి పనికి గుత్తేట్రా?"

"అయితే కూలికే కానీ. నింపాదిగా సేద్దుము."

ఆ నింపాది ఎన్నాళ్లు సాగుతుందో గంగులుకు తెలుసు. నేర్పినవాడు తనే.

"పోనీ గుత్తకే."

"అయితే సొమ్ము ముందు పెట్టు మావా. మనలో మనకి మొగమాటమేటి?"

ఒక యజమాని కష్టం ఎలా ఉంటుందో ఆ క్షణంలో గంగులుకు తెలిసింది. జగన్నాధంగారి మీద జాలి కూడా కలగబోయింది, కాని అటక గుర్తొచ్చి ఆగిపోయింది.

ఇంతలో దాలమ్మ తడిబుట్టతో బయటికి వచ్చింది. అందులో నాగావళి కొర్రమీను ఇంకా తోక ఆడిస్తోంది.

"ఇయ్యాల దీని పులుసు. నా పొయ్యి నెత్తిన పెంకు పడ్డాకే కుండెక్కుతాది. గుత్తా నేదు, కూలీ నేదు."

"అత్తా, ముందర ఇంత తింటే సత్తువొస్తాది గదా," అన్నాడు సోములు.

"తింటే నిద్దరొస్తాది. నెగండి బేగి! నువ్వేటి, కిందన కూకున్నావు?"

"నాను మేస్త్రినే!" అన్నాడు గంగులు.

"మేస్త్రీలు కూడు తినరేటి? ఎక్కు నిచ్చెన."

గంగులు నిచ్చెన ఎక్కాడు. పొద్దు వాలకముందే పెంకు పడింది. కుండ ఎక్కింది. నలుగురూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. మూట మాత్రం గుమ్మం పక్కనే ఉంది.

"అదింకా ఇప్పనేదేటే?"

"వాన పడనీ. సూసి ఇప్పుతాను."

వాన అంటే పని ఆగిపోవడమని ఇన్నేళ్లూ తిట్టుకున్న గంగులు మేస్త్రి పులుసన్నం కలుపుకుంటూ, చూరు కింద నుంచి మబ్బు వైపు చూసి, బేగి రావమ్మా అని దండం పెట్టుకున్నాడు.