నీళ్లలో చూడవలసిన ఊదా

కాంపౌండరు నా జబ్బ మీద స్పిరిటు దూది రుద్దగానే నాకు సూది నొప్పి కన్నా ముందు వెంకటరత్నం సారు గుర్తొస్తారు. గద్వాలలో మా వీధి చివర ఆయన అద్దె గది తలుపు తీస్తే ఇదే వాసన. కిటికీలో ఒక గాజు సీసా, నిండా స్పిరిటు, అందులో బొటనవేలంత తెల్లని జీవి. మొదటిసారి చూసి ఉడికిన వెల్లుల్లి రెబ్బ అనుకున్నాను.

ఆయన విశాఖపట్నం వైపు మనిషి. మా పెద్దబడిలో ప్రకృతిశాస్త్రం చెప్పి, విరమించాక ఇక్కడే ఉండిపోయారు. ఆ జీవి పెంకు లేని సముద్రపు నత్త అట. అల వెనక్కి తగ్గినప్పుడు బండల సందుల్లో మిగిలే నీటి గుంటల్లో, బండలకు అంటుకుని పెరిగే స్పంజిని తింటూ బతుకుతుందట. వీపు మీద పువ్వులాంటి మొప్పలు, తల మీద రెండు కొమ్ములు, ఒళ్లంతా ఊదా, చుట్టూ పసుపు అంచు. కృష్ణ దాటడానికే జంకే, చీరల పట్టుకు రంగులద్దే నాకు ఇందులో అర్థమైంది 'అంచు' ఒక్కటే. స్పిరిటు ఆ రంగంతా తినేసింది; బతికుండగా దాన్ని చూసింది ఆయనొక్కరే. ఆయన నోటుపుస్తకంలో దాని పొడవు, ఇల్లు, తిండి అన్నీ ఉన్నాయి. రంగు చోటు ఖాళీ. ఊదా అని రాస్తే వంకాయా, నేరేడా అని అడుగుతారు కదా అనేవారు. ఆయన కళ్లలో శుక్లాలు ముదురుతున్నాయి. చూపు పోయేలోగా ఆ ఖాళీలో అదే రంగు పట్టుపోగు కుట్టాలని ఆయన ఆరాటం. రంగులద్దేవాణ్ని కనక మాటలకూ కాస్త అద్దడం నాకలవాటు. రెండు రోజుల్లో తెస్తానన్నాను. రెండు నెలలు పట్టింది.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు, మంచి రంగుపొడి దొరికేది కాదు. పట్టునూలు చుట్ట, మేం చిలప అంటాం, ఏది అద్ది తీసుకెళ్లినా వెలుతురులో పట్టుకుని "కాదు నాయనా" అనేవారు. ఆ పురుగుకు చీర నేస్తవా ఏందని మా ఆమె నవ్వేది. విసిగి ఒకసారి, ఆయన వద్దన్న చిలపనే కొత్తదని మళ్లీ తీసుకెళ్లాను.

"ఇది మంగళవారం తెచ్చిందే," అన్నారు, కోపం లేకుండా. "నేను పొరబడి అవునంటే, దిద్దడానికి ఇంకెవరున్నారు?"

చిలపను చంకన పెట్టుకుని ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించాను.

నీడన ఆరనిదే ఏ చిలపనూ ఎవరికీ చూపకూడదన్నది మా ఇంటి కట్టడి. ఒకనాడు నేను గంగాళంలో జాడిస్తుండగా ఆయనే వచ్చారు. నీళ్ల మీదికి వంగి చిలపను వేళ్లతో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదే."

"పచ్చిది సారూ. ఆరితే జర తగ్గుతది. ఎండినంకనే సూడాలె."

"అదెప్పుడు ఆరింది నాయనా? పుట్టినప్పటి నుంచీ నీళ్లలోనే ఉంది."

ఆ పాళ్లు నేను రెండోవారంలోనే కలిపినవి. ఎండబెట్టి చూపించినందుకు అప్పుడు కాదన్నారు. ఆ సాయంత్రమే పోగు కుట్టి, కింద 'నీళ్లలో చూడవలెను' అని రాసుకున్నారు.

తర్వాత కర్నూలులో కళ్లకు ఆపరేషన్ జరిగింది. ఉన్న చూపూ పోయింది. మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం నోటుపుస్తకం నా చేతికిచ్చి, ఆ ఊదా ఎలా ఉందో చూడమన్నారు. పోగుకు వేలితో నీళ్లు అద్దాను. యుద్ధకాలపు రంగు, నిలవలేదు. ఎదుట కూర్చున్నాయనకు ఇక ఏ రంగూ కనిపించదు. అట్లనే ఉన్నదంటే సంతోషిస్తారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"సగం పోయింది సారూ," అన్నాను.

ఆయన తడుముకుని కలం తీసి నాకందించారు.

"ఆ మాట రాయి. తేదీ వెయ్యి."

రాశాను. ఇప్పటికీ ఎవరైనా పాత చీర ముక్క తెచ్చి ఇదే రంగు కావాలంటే, అద్దిన చిలపను దాని పక్కన పెట్టి, ఎంత కలిసిందో ఎంత కలవలేదో నేనే ముందు చెబుతాను. కొందరు ముక్క తీసుకుని వెళ్లిపోతారు. కలవలేదని చెప్పేటప్పుడు మాత్రం, ఆయన ఎదుట కూర్చుని వింటున్నట్టే నా గొంతు కొంచెం తగ్గుతుంది.