ఎయిర్ షో నుంచి మా చిన్నాయన తిరిగి రాలేదు

"ఇంకొంచెం ముందు తీసుకురావాల్సిందమ్మా" అన్నారు డాక్టర్.

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఇప్పుడు తెచ్చినం కద సార్, చూడుండ్రి" అన్నాను.

ఆయన పక్కకు జరిగారు. అప్పుడు తెలిసింది.

నిన్న మధ్యాహ్నం మా చిన్నాయన సత్తయ్య పోయాడు. మా నాన్న తమ్ముడు. నిన్న పొద్దున సిరిసిల్ల బస్టాండ్‌లో నాకంటే ముందు బస్సెక్కి, కర్చీఫ్ వేసి నాకు సీటు ఆపిన మనిషి.

ఇవాళ పొద్దటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఫ్యామిలీ గ్రూపులో ఒకటే మాట. "అదృష్టవంతుడు. ఇష్టమైన విమానాలు చూస్తూ పోయాడు."

దయచేసి ఆ మాట అనకండి. నేను పక్కనే ఉన్నాను. ఏం జరిగిందో చెప్తాను, చదవండి.

తెలియని వాళ్ల కోసం. చిన్నాయన వయసులో ఉన్నప్పుడు వైమానిక దళంలో ఇంజన్ మెకానిక్. ముందు ఫ్యాన్ తిరిగే పాత ట్రైనర్ విమానాలు ఆయన చేతుల మీదుగా ఎగిరేవి. రిటైరై వచ్చాక సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, రిపేర్ చేశాడు.

వీధిలో నడుస్తూ నడుస్తూ, మగ్గాల చప్పుడుకు చెవి పెట్టి ఆగిపోయేవాడు.

"లోపల ఒక సాంచా తిప్పల వడ్తంది" అని ఎవరూ పిలవకుండానే కార్ఖానాలోకి వెళ్లేవాడు. ఓనర్ ముందు కసిరేవాడు. చిన్నాయన వరసలో నడిచి ఒకదాని ముందు నిలబడి, "గిదే" అని చెయ్యి పెట్టేవాడు. గిదే అయ్యేది. తర్వాత చాయ్ వచ్చేది.

నేను కోరుట్లలో టీచర్‌ను. వేసవి సెలవులు. హైదరాబాద్ శివారులో ఎయిర్ షో ఉందని, అందులో ఆ పాత ట్రైనర్ కూడా ఎగురుతుందని ఫోన్‌లో చూసింది నేనే. నిర్వాహకులకు మెయిల్ రాసింది కూడా నేనే. ఈయన దాని మీద పనిచేశారు, పెద్ద వయసు, నీడలో కూర్చోబెట్టండి అని. మాజీ సిబ్బందికి టెంట్ ఉంది, తప్పకుండా రండి అని జవాబిచ్చారు.

వెళ్లాం.

గేటు దగ్గర మా నీళ్ల బాటిళ్లు తీసుకుని డబ్బాలో పడేశారు. సెక్యూరిటీ అట. లోపల నీళ్లు దొరుకుతాయి అన్నారు.

టెంట్ దగ్గర వాకీటాకీ పట్టుకున్న ఒకతను లిస్టు చూశాడు. "పేరు లేదు మేడమ్. ఇది గెస్టులకు."

మెయిల్ చూపించాను. స్క్రీన్ వైపు కూడా చూడలేదు. అతని వెనక తెల్ల గుడ్డ కప్పిన కుర్చీలు, సగం ఖాళీ. కూలర్లు తిరుగుతున్నాయి.

నేను గొంతు పెంచాను. చిన్నాయనే నా చెయ్యి పట్టి లాగాడు.

"పంచాది వెట్టకు బిడ్డా. ఇమానం అందరికి ఒక్కతీర్గనే కనవడ్తది."

ఇమానం ఒకటే చిన్నాయనా. ఎండ ఒకటి కాదు.

మైదానంలో నిలబడ్డాం. మే నెల ఎండ. యుద్ధ విమానాలు నెత్తి మీద నుంచి దూసుకుపోతుంటే జనం అరుస్తున్నారు. ఆయన చప్పట్లు కొట్టాడు గానీ కళ్లు రన్‌వే చివరనే ఉన్నాయి. పాత విమానం చివర్లో అట.

కాసేపటికి దాహంతో మాట తడబడింది. "జర దూపైతంది బిడ్డా" అన్నాడు.

పోదాం అన్నాను. "గదొక్కటి చూసినంక పోదాం తీ" అన్నాడు.

నేను విన్నాను. ఎందుకు విన్నాను? ఈ కోపంలో నా వాటా నాకుంది.

నీళ్ల ట్యాంకర్ మైదానానికి ఆ చివర. ఒకే ఒక్క ట్యాంకర్. నేను నీళ్ల లైన్‌లో ఉండగానే ఆ విమానం లేచింది. మా చిన్నాయన విమానం నేను ఒక్కదాన్నే, వేరే ఎవరి వీపు వెనకనుంచో చూశాను.

గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఆయన నేల మీద ఉన్నాడు. ఎవరో ఇద్దరు పట్టుకున్నారు, ఒకామె కొంగుతో విసురుతోంది. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు.

నన్ను గుర్తుపట్టాడు. "ఇంజన్ మంచిగ కొట్టుకుంటంది. ఎవలయో మంచి చేతులే పడ్డయి" అన్నాడు.

ఆ తర్వాత మాట్లాడలేదు. గ్లాసులో నీళ్లు పెదాల పక్కనుంచి కారిపోయాయి.

అంబులెన్స్ ఉంది. టెంట్ వెనకే ఉంది. కానీ కదలలేదు. వీఐపీల కార్లు వెళ్లేదాకా ఆ దారి బంద్ అట. అద్దాలు కొట్టాను, కాళ్లు పట్టుకున్నాను. "టూ మినిట్స్ మేడమ్." ఒక్కో కారు తీరుబడిగా పోయింది.

చివరికి ముక్కూమొహం తెలియని నలుగురు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి రోడ్డు దాకా మోశారు. కొడిమ్యాల నుంచి పిల్లలతో వచ్చిన ఒక అన్న, పిల్లల్ని దింపేసి తన కారిచ్చాడు. అన్నా, నీ పేరు కూడా అడగలేదు. ఇది నీ దాకా వస్తే, దండం.

రాత్రి నిర్వాహకుల పేజీ చూశాను. "గ్రాండ్ సక్సెస్." ఫొటోలు. ఒక్క ముక్క లేదు.

నేను కామెంట్ పెట్టాను. ఈ పొద్దున వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. చాలా మెత్తటి గొంతు. "మీ పెద్దాయనకు ముందునుంచే ఏదైనా హెల్త్ ప్రాబ్లం ఉందా మేడమ్?"

"ఉండె సార్" అన్నాను. "దూపైతుండె."

ఫోన్ పెట్టేశాడు. కామెంట్ తీసేశారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ మెయిల్ నా దగ్గర ఉంది. రేపు కంప్లైంట్ ఇవ్వడానికి వెళ్తున్నాను. మర్యాద కాదు, చావు ఇంట్లో ఇవన్నీ ఎందుకు అనేవాళ్లు దూరంగా ఉండండి. మా చిన్నమ్మ ఒకే మాట అంది, "రాయి బిడ్డా. ఆయిన ఎన్నడు ఎవలనీ ఒక్క మాటనలే. నువ్వన్న అను."

చిన్నాయనా, నీకు కోపం తెలియదు. అది నా దగ్గర ఉంచుకుంటాను.

నువ్వు మాత్రం సల్లంగ పండుకో.